బ్లూస్ పియానో, అప్పటికప్పుడు అల్లి వాయించడం: చాలాకాలం వాడి చూశాక నా రివ్యూ

ఇది ఒక్క వస్తువు మీద రివ్యూ కాదు. 88 వెయిటెడ్ కీలు (అసలు పియానోలా వేలికి బరువు తగిలేవి) ఉన్న ఎంట్రీ లెవెల్ డిజిటల్ పియానో, నెలనెలా డబ్బు కట్టే వీడియో కోర్సు, పాటను నెమ్మది చేసి వినిపించే యాప్, మిగతా వాయిద్యాలు వెనక మోగే బ్యాకింగ్ ట్రాకులు, కొన్నాళ్ల తర్వాత వీడియో కాల్‌లో ఒక టీచర్ గారు, ఇవన్నీ కలిపి కొన్నేళ్లుగా వాడుతున్నాను. కావలసింది ఒక్కటే, కాగితం చూడకుండా ఆ క్షణంలో తోచింది బ్లూస్‌లో, అంటే అమెరికాలో నల్లజాతివాళ్ల పాటల నుంచి పుట్టిన సంగీత శైలిలో, వాయించగలగడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇందులో స్కేల్, అంటే వాయించాల్సిన స్వరాల వరుస, చాలా చిన్న భాగం, ఒక్క పూటలో వచ్చేస్తుంది. అసలు కష్టమంతా ఎడమ చెయ్యి తనంతట తాను నడవడంలో, కుడి చేతికి ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. ఈ రెండిటికీ ఏది ఎంత సాయపడిందన్నదే నా లెక్క.

ముందు కోర్సు. పేరు చెప్పను, ఎందుకంటే నేను చూసిన ఇలాంటి కోర్సులు చాలావరకు ఇదే దారిలో వెళ్తున్నాయి. మొదటి పాఠంలోనే బ్లూస్ స్కేల్ ఇచ్చేస్తారు. సి అనే స్వరం మీద అయితే సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, బి ఫ్లాట్ (ఫ్లాట్ అంటే ఆ స్వరానికి ఎడమ పక్క కీ, షార్ప్ అంటే కుడి పక్క కీ). ఈ ఆరింటిలో ఏది నొక్కినా తప్పుండదు, ధైర్యంగా వాయించెయ్యండి అంటారు. నిజమే, చెవికి మరీ ఎబ్బెట్టుగా ఉండదు. కానీ అలా వాయించినంత కాలం స్కేల్ పైకీ కిందికీ తిప్పినట్టే ఉంటుంది, ఎవరో ఏదో చెప్తున్నట్టు ఉండదు. ఎందుకలా ఉంటుందో ఆ కోర్సు ఎక్కడా చెప్పలేదు, నాకు దాని మీదున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఒక్క ఇ ఫ్లాట్‌నే తీసుకోండి. 12 బార్ల బ్లూస్‌లో (ఒక్కో బార్‌కి నాలుగు బీట్లు) మొదటి నాలుగు బార్లు సి సెవెన్త్ కార్డ్, అంటే కలిపి మోగించే నాలుగు స్వరాలు, తర్వాత రెండు ఎఫ్ సెవెన్త్, మళ్లీ రెండు సి, తొమ్మిదో బార్ జి, పదోది ఎఫ్, చివరి రెండూ సి, లేదంటే ఆఖరి బార్‌లో మళ్లీ జి. ఎడమ చేతిలో సి సెవెన్త్ ఉన్నప్పుడు అందులో మామూలు 'ఇ' ఉంటుంది కాబట్టి కుడి చేతిలోని ఇ ఫ్లాట్ దాన్ని ఒరుసుకుంటూ గరగరలాడుతుంది. ఆ ఇ ఫ్లాట్‌నే వదలకుండా పట్టుకుని ఐదో బార్‌లోకి వెళ్లండి. కింద ఎఫ్ సెవెన్త్ రాగానే అది ఆ కార్డ్‌లోని స్వరమే అయిపోతుంది, గరగర ఆగిపోయి హాయిగా కుదురుకుంటుంది. తొమ్మిదో బార్‌లో జి సెవెన్త్ మీద మళ్లీ ఇబ్బంది పెడుతుంది. ఒకే కీ, మూడు చోట్ల మూడు రకాలు. ఇది ఒకసారి చెవికి పట్టాక ఒక్క స్వరంతోనే 12 బార్లు విసుగు పుట్టకుండా వాయించవచ్చు, నేను ఇప్పటికీ రోజూ అక్కడే మొదలుపెడతాను.

ఎడమ చేతికి నాకు బాగా పనికొచ్చినవి రెండే. ఒకటి షఫుల్. చిటికెన వేలు సి మీద ఉంటుంది, పైన జి, ఎ మారుతుంటాయి, అంటే సి-జి, సి-జి, సి-ఎ, సి-ఎ. బీట్‌ని మూడు భాగాలు చేసి మొదటిదీ మూడోదీ మాత్రమే కొట్టాలి. తిస్రం తెలిసినవాళ్లు 'తకిట' అనుకుంటూ మధ్యలో 'కి' దగ్గర కొట్టకుండా పట్టి ఉంచితే సరిగ్గా అదే వస్తుంది. చూడ్డానికి తేలికే, ఆపకుండా ఐదు నిమిషాలు నడిపితే మాత్రం ముంజేయి పట్టేస్తుంది. మణికట్టు వదులుగా ఉంచి, నిమిషానికి 60 బీట్ల దగ్గర మొదలుపెట్టి, పక్కవాళ్లతో మాట్లాడుతున్నా చెడకుండా నడిచేదాకా కుడి చేతి జోలికి పోకపోవడం మంచిది. 60 దగ్గర 12 బార్ల ఒక్కో చుట్టుకి 48 సెకన్లు పడుతుంది, ఆలోచించుకోవడానికి బోలెడు టైమ్. 120 దగ్గర అది 24 సెకన్లే.

రెండోది షెల్ కార్డులు, దీన్ని నేను ఎవరికైనా మొట్టమొదట చూపిస్తాను. సి సెవెన్త్‌కి నాలుగు స్వరాలూ అక్కర్లేదు, 'ఇ', బి ఫ్లాట్ చాలు. ఆ రెండు వేళ్లనూ అర మెట్టు (అంటే పక్కనే ఉన్న కీకి) కిందికి జరిపితే ఇ ఫ్లాట్, ఎ, అదే ఎఫ్ సెవెన్త్. మళ్లీ మొదటి చోటి నుంచి అర మెట్టు పైకి జరిపితే ఎఫ్, బి, అది జి సెవెన్త్. పాట మొత్తానికి చెయ్యి ఒక అంగుళం అటూ ఇటూ కదిలితే చాలు! దీంతో కుడి చేతి మీదికి మనసు పెట్టే తీరిక దొరుకుతుంది. కోర్సులో దీన్ని చాలా వెనక పెట్టారు, అది మొదటి వారంలో చెప్పాల్సిన విషయం.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది టీచర్ గారు. ఆయన ఉండేది షికాగోలో, నేను హైదరాబాద్‌లో, వాళ్లకి రాత్రి 8 అయితే మనకు వేసవిలో పొద్దున 6:30, చలికాలంలో 7:30. మొదటి క్లాసులోనే చేతులు ఒళ్లో పెట్టుకోమని, "ముందు పాడండి, పాడింది మాత్రమే వాయించండి" అన్నారు. బ్లూస్ పాటలో మామూలుగా మూడు పాదాలుంటాయి, మొదట ఒక మాట, మళ్లీ అదే మాట, తర్వాత దానికి జవాబు. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. గొంతు అందులో సగం దాటగానే ఆగిపోతుంది, మిగతా చోటు వాయిద్యం బదులివ్వడానికి. సోలో కూడా ఆ లెక్కలోనే సాగాలి, రెండు బార్లు చెప్పడం, రెండు బార్లు ఊరుకోవడం లేదా చిన్నగా బదులివ్వడం. పాడితే ఎలాగూ ఊపిరి తీసుకోవాలి కాబట్టి ఖాళీలు వాటంతట అవే వస్తాయి. వేళ్లకి ఆ అవసరం లేదు, ఎంతసేపైనా పరిగెడతాయి.

కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకి ఇందులో కొంత తెలిసిన దారే కనిపిస్తుంది. కల్పనస్వరాల్లో ఎంత దూరం తిరిగినా ఎత్తుగడకి సరిగ్గా వచ్చి చేరాలి కదా, ఇక్కడ 12 బార్ల చుట్టుకి ఆ క్రమశిక్షణే కావాలి. వేరే చోట మాత్రం చెవిని మార్చుకోక తప్పదు. సి షడ్జమం అనుకుంటే ఇ ఫ్లాట్ సాధారణ గాంధారం, 'ఇ' అంతర గాంధారం, రెండూ ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటే మొదట్లో అభ్యంతరంగా ఉంటుంది, కానీ బ్లూస్‌కి ప్రాణం అక్కడే ఉంది. పాడేవాళ్లు, గిటార్ వాళ్లు ఆ రెండిటి మధ్యలో ఎక్కడో నిలబడతారు. పియానోలో మధ్యలో కీ లేదు, గమకం రాదు. అందుకని ఒకే వేలితో నల్ల కీ నుంచి పక్కనున్న తెల్ల కీ మీదికి జారతారు, ఇ ఫ్లాట్ తగిలీ తగలకుండానే 'ఇ' మోగుతుంది. ఆ జారుడు ఎంత ఆలస్యంగా, ఎంత బరువుగా ఉండాలన్నది వీడియో చూసి రాదు, రికార్డులు వినాల్సిందే.

రికార్డుల విషయానికొస్తే, మొదట వినమని నేను చెప్పేది జిమ్మీ యాన్సీ. షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు మైదానంలో గ్రౌండ్స్‌మన్‌గా ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, 1939 దాకా రికార్డులే ఇవ్వలేదు. ఎడమ చేతిలో చిన్న బాణీ ఒకటి పట్టుకుని దాన్ని తొందర లేకుండా తిప్పుతూ, పైన రెండు మూడు స్వరాలతో అంత దిగులు ఎలా పలికిస్తాడో! ఏ కీలో వాయించినా చాలాసార్లు చివర్లో ఇ ఫ్లాట్‌కి వెళ్లి ముగిస్తాడు, తెలియకపోతే మన చెవి తప్పేమో అనుకుంటాం. లెరాయ్ కార్ పాడుతూ వాయించే తీరు కూడా కొత్తవాళ్లకి అందుబాటులో ఉంటుంది, కాకపోతే 1928లో ఆయనకి పేరు తెచ్చిన రికార్డు 8 బార్లది, 12 లెక్కపెడుతూ కూర్చుంటే కుదరదు. షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బ్యాండ్‌లో పియానిస్ట్ ఓటిస్ స్పాన్ వాయించింది ఇంకొంచెం ముదిరాక వినండి, గొంతు ఆగిన ప్రతి సందులో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో ఆయన దగ్గర తెలుస్తుంది.

వీటిని పట్టుకోవడానికే నెమ్మది చేసే యాప్. శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించి నాలుగు బార్లను తిప్పి తిప్పి వినొచ్చు. నేను డబ్బు పెట్టినవాటిలో పైసా కూడా వృథా అనిపించనిది ఇదే. ఒక్క జాగ్రత్త, పాత రికార్డుల శ్రుతి ఇప్పటి పియానోతో కలవకపోవచ్చు, అప్పటి పియానోల ట్యూనింగ్, డిస్క్ వేగం రెండూ కారణమే. శ్రుతిని కొద్దికొద్దిగా జరిపే వీలున్న యాప్ తీసుకోండి.

బ్యాకింగ్ ట్రాకులు సరదాగా ఉంటాయి, అంతకుమించి పెద్దగా చెప్పలేను. బేస్, డ్రమ్స్ అన్నీ అవే చూసుకుంటాయి, ట్రాక్ ఆపగానే ఎడమ చెయ్యి తడబడుతుంది. మెట్రోనోమ్‌ని (టక్ టక్ మంటూ తాళం వేసే పరికరం) రెండో బీట్, నాలుగో బీట్ మీద మాత్రమే మోగేలా పెట్టుకుని వాయించడం మొదట టెన్షన్‌గానే ఉంటుంది, గుణం మాత్రం దానిదే ఎక్కువ.

పియానో సంగతి. 40 నుంచి 50 వేల మధ్యలో వచ్చే 88 వెయిటెడ్ కీల మోడల్ ఈ పనికి సరిపోతుంది. బరువు లేని కీబోర్డ్‌లో షఫుల్ ఊపు చేతికి అందదు, గట్టిగా మెల్లగా అన్న తేడా లేకపోతే బ్లూస్ చదును చేసినట్టు అయిపోతుంది. హెడ్‌ఫోన్స్ ఉన్నాయి కదా అని రాత్రి పదకొండింటికి బూగీ వూగీ (ఎడమ చెయ్యి ఉరకలేసే వేగమైన బ్లూస్ పియానో) మొదలుపెట్టకండి, కీల దబదబ స్టాండ్ గుండా కింది ఫ్లాట్‌కి వినిపిస్తుంది, కింద మందపాటి మ్యాట్ వేశాకే మా ఇంట్లో ఆ సమస్య తీరింది. పెడల్ దాదాపు ముట్టుకోను, షఫుల్‌లో అది అంతా కలగాపులగం చేస్తుంది.

సి కుదిరాక ఎఫ్, జి లకి వెళ్లండి. ఎఫ్‌లో ఎ ఫ్లాట్ నుంచి ఎ కి, జి లో బి ఫ్లాట్ నుంచి బి కి, నల్ల కీ మీంచి తెల్ల కీ మీదికి అదే జారుడు దొరుకుతుంది. గిటార్ వాళ్లతో కలిసి వాయించాలంటే మాత్రం వాళ్లు ఇష్టపడే 'ఇ', 'ఎ' కీల్లోకి రాక తప్పదు, అక్కడ జారాల్సింది తెల్ల కీ నుంచి నల్ల కీ పైకి, అది ఒక వేలితో అయ్యే పని కాదు. రెండు వేళ్లతో విడివిడిగా, దాదాపు ఒకేసారి కొట్టాలి. నేను ఇప్పుడు 'ఇ' కీ మీదే ఉన్నాను, ఎడమ చెయ్యి నడుస్తోంది, కుడి చేతిలో ఆ ఒక్క స్వరం ఇంకా పొడిగానే మోగుతోంది.