పర్లాకిమిడి మిత్రులకు హెచ్చరిక: డిస్కు శుభ్రం చేస్తామని అమ్ముతున్న ఆ సాఫ్ట్‌వేర్ కొనకండి

ఒళ్ళు మండిపోతుండగానే రాస్తున్నాను. బస్టాండు దారిలో కంప్యూటర్లు బాగుచేసే ఆ దుకాణం ఎవరిదో మన పర్లాకిమిడి వాళ్ళకూ, అవతల పాతపట్నం వాళ్ళకూ చెప్పనక్కరలేదు. డిస్కు సంరక్షణ అంటూ అక్కడ ఏడాది లైసెన్సుతో అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ దయచేసి ఎవరూ వేయించుకోకండి. ఇప్పటికే వేయించుకున్నవాళ్ళు ఈ రాత్రే తీసేయండి.

నాది డీటీపీ పని. తెలుగు పెళ్ళికార్డులు 'అను' అనే ఫాంట్లలో, ఒడియా పెళ్ళికార్డులు 'ఆకృతి' ఫాంట్లలో చేస్తాను. కంప్యూటర్ నెమ్మదించిందని అతని దగ్గరికి తీసుకెళ్ళాను. "విండోస్‌తో వచ్చే డిస్కు సర్దే ఏర్పాటు దేనికీ పనికిరాదు అక్కా. ఊరికే ఇచ్చేదానిలో ఏముంటుంది? ఇది రాత్రిపూట దానంతటదే శుభ్రం చేస్తుంది" అన్నాడు. తెర నిండా ఎర్ర అక్షరాల్లో లోపాల జాబితా చూపించి డబ్బు తీసుకున్నాడు. విండోస్ తనంతట తాను చేసుకునే ఆ పనిని ఆపేసి దీనికి అప్పగించాడు. ఒకే రకం ఫైళ్ళు రెండుంటే ఒకటి తీసేసే ఏర్పాటు కూడా పెట్టాడు. ఆ మాట మాత్రం నాతో అనలేదు.

ఒకే పెళ్ళికి తెలుగు కార్డు ఒక ఫోల్డరులో, ఒడియా కార్డు ఇంకో ఫోల్డరులో, ఒకే పేరుతో పెట్టుకుంటాను. లోపల ఏముందో చూడకుండా, పేరు కలిసిందని ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు కార్డులన్నీ తుడిచేసింది. రీసైకిల్ బిన్‌లో కూడా ఉంచలేదు. వాటితోపాటు ఒక రిటైరైన తెలుగు మాస్టారి పుస్తకం పోయింది. మన ఊరి పాత సంగతులు ఆయన చేతిరాతలో ఇస్తే నేను టైపు చేశాను. ఆ తర్వాత ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని కూడా నా పక్కన కూర్చుని, ఒక్కొక్క వాక్యం చదివించుకుని దిద్దించారు. తప్పులతో ఉన్న మొదటి ప్రతి మిగిలింది. దిద్దినది పోయింది. ఆ మార్పులు కాగితం మీద ఎక్కడా లేవు.

దుకాణానికి పరుగెత్తాను. "నా కార్డుల సంగతి తర్వాత, ముందు మాస్టారి ఫైళ్ళు తెప్పించు బాబూ" అన్నాను. ఫోను మీద నుంచి తల ఎత్తలేదు. "అంగీకరిస్తున్నాను అని నొక్కారు కదా మేడమ్, మా బాధ్యత కాదు" అన్నాడు. ఆ రోజు మౌసు పట్టుకున్నది అతనే, నొక్కింది అతనే! ఆ మాటే అంటే, "ముసలాయన కబుర్లే కదా, మళ్ళీ టైపు చేసుకోండి. లేదంటే రికవరీకి వేరే లైసెన్సు ఉంది, తీసుకోండి" అన్నాడు.

నాకు కడుపు మండింది ఆ చివరి మాటకే. నా కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్ళను చిప్పుల్లో దాచే కొత్త రకం డిస్కు. దాన్ని బిగించింది కూడా అతనే. ఎస్‌ఎస్‌డీలో ఫైలు తుడిచేస్తే, ఆ చోటు ఇక ఖాళీ అని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో డిస్కుకు చెబుతుంది. డిస్కు ఆ చోటును లోలోపల చెరిపేసుకుంటుంది. ఆ తర్వాత ఫైలు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఈ వృత్తిలో ఉన్నవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. రాదని తెలిసి రికవరీ అమ్మబోయాడు.

అసలు అతను పనికిరాదన్నది ఏమిటి? విండోస్ విస్టా నుంచే డిస్కును సర్దే పని వారానికోసారి దానంతటదే జరిగేలా ఏర్పాటు ఉంది. విండోస్ 8 నుంచి అది ఎస్‌ఎస్‌డీని గుర్తించి, ప్రధానంగా ట్రిమ్‌తో సరిచేస్తుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెం, కదిలే ముల్లు ఉండవు కాబట్టి పాత పద్ధతిలో చెల్లాచెదురైన ఫైళ్ళ ముక్కలన్నీ ఒకచోట చేర్చినా వేగం పెద్దగా పెరగదు, డిస్కు అరుగుతుంది. రిజిస్ట్రీని, అంటే విండోస్ తన అమరికలు దాచుకునే చోటును, శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు వాడడాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సమర్థించదు. ఇక ఆ ఎర్ర అక్షరాల సంగతి. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాల్లో ఇలాంటి ఉచిత పరీక్షే చేసేవారు. మొదట అడిగే నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి అవునన్నా, కంప్యూటర్‌లో ఏమున్నా లేకపోయినా వైరస్ లక్షణాలు కనిపించాయని చూపేదని వినియోగదారుల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆఫీస్ డిపో, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంస్థ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి.

దాన్ని తీసేశాక విండోస్‌లోనే ఉండే డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనేదాన్ని తెరిచి, వారపు ఏర్పాటు మళ్ళీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నా దాంట్లో ఆపేసే ఉంది. ముఖ్యమైన ఫైళ్ళు విడి డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి పక్కన పెట్టండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాను. మనం చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి రుసుము ఉండదు. అదే దుకాణంలో ఇదే కొన్నవాళ్ళ దగ్గర బిల్లు ఉంటే పారేయకండి, నాకు చెప్పండి.