కర్నూలు ఎండలో స్టీమ్ డెక్, స్విచ్: మూడు వేసవుల మాట

చేత్తో పట్టుకుని గేములు ఆడుకునే యంత్రాలు స్టీమ్ డెక్, నింటెండో స్విచ్ ఓలెడ్ రెండూ మూడేళ్లుగా మా ఇంట్లో ఉన్నాయి. డెక్ నా సరదా, స్విచ్ మా అక్క కొడుకు పెట్టించిన ఖర్చు. రెంటికీ తెర ఏడు అంగుళాలే. పోలిక దాదాపు అక్కడితో సరి.

ముందు ఎండ సంగతి. 2022 జూలైలో యూరప్ ఎండలకు అల్లాడుతుంటే, డెక్ 0 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుందని దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ చెప్పింది. అదే నెలలో నింటెండో కూడా స్విచ్‌కి 5 నుంచి 35 అంది. కర్నూల్లో మార్చికే ఆ 35 దాటిపోతుంది. అంటే ఎండాకాలమంతా మనం కంపెనీ గీసిన గీతకు అవతలే ఆడుకుంటున్నట్టు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు డెక్‌లో పెద్ద గేమ్ పెట్టి మా అమ్మ పక్కన కూర్చున్నా. పైఅంచు సందుల్లోంచి వేడిగాలి. "అది సెగ కక్కుతాంది, పక్కన పెట్టు నాయనా" అంది.

పక్కన పెట్టలేదు గానీ ఒక పద్ధతి పట్టుబడింది. కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో టీడీపీని, అంటే చిప్ వాడుకునే కరెంటు హద్దుని, 15 వాట్ల నుంచి 8కి దించి, ఫ్రేములు (తెర మీద సెకనుకు మారే బొమ్మలు) 40 దగ్గర కట్టేస్తే చాలు. గేమ్ ఆడటానికి పెద్ద తేడా తెలియదు, చెయ్యి కాలదు, లోపలి ఫ్యాను రొద తగ్గుతుంది. స్విచ్‌లో ఇలాంటి మీటలేవీ లేవు. దాంతో పెద్దగా అవసరమూ రాలేదు.

బ్యాటరీకీ ఇదే కిటుకు. నాది పాత ఎల్‌సీడీ డెక్, 40 వాట్ అవర్లు. ఎల్డెన్ రింగ్ లాంటి బరువైన గేమ్ పెట్టి హైదరాబాద్‌లో బస్సెక్కితే జడ్చర్ల దాటేసరికి ఛార్జింగ్ అడుగంటుతుంది. అదే స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి తేలికపాటి గేమ్ అయితే పుల్లూరు టోల్ గేట్ దాటి కర్నూలు బస్టాండులో దిగేదాకా వస్తుంది. దారిలో ఛార్జ్ చేద్దామని ఒక దుకాణంలో పవర్ బ్యాంక్ కొన్నా. దుకాణదారు "అన్నిటికీ పనికొస్తుందన్నా" అన్నాడు. డెక్‌కి గుచ్చితే ఛార్జర్ నెమ్మదిగా ఉందని తెర మీదే చూపించింది, గేమ్ నడుస్తుంటే శాతం పెరగాల్సింది పోయి తగ్గింది. డెక్‌కి 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ అనే వేగం ఛార్జింగ్ పద్ధతి) కావాలి, పెట్టె మీద ఆ అంకె చూసి కొనండి. ఆ పవర్ బ్యాంక్ ఇప్పుడు స్విచ్‌కి కాపురం వెళ్లింది, అక్కడ బాగానే ఉంది.

బరువు మాటకొస్తే డెక్ 669 గ్రాములు, స్విచ్ రెండు పక్కలా తగిలించే జాయ్‌కాన్ రిమోట్లతో కలిపి 420. బస్సులో ఒళ్లో బ్యాగు పెట్టుకుని దాని మీద ఆనిస్తే తప్ప డెక్‌తో మణికట్టు లాగుతుంది.

డబ్బు దగ్గర నాకు డెక్కే నచ్చింది. వాల్వ్ వాళ్ల ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లో ధరలు రూపాయల్లో ఉంటాయి, కంప్యూటర్‌లో ఎప్పుడో కొన్నవి మళ్లీ కొనక్కర్లేదు. స్విచ్ గేములు ఖరీదు. కాకపోతే గేములుండే కార్ట్రిడ్జ్‌లకు దేశాల అడ్డు లేదు, ఆడేశాక అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. రెండూ నేను బయటినుంచి తెప్పించుకున్నవే కాబట్టి వారంటీ మీద ఆశ పెట్టుకోలేదు.

ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ గేమ్ కావాలంటే డెక్ వద్దు, దాని ఆపరేటింగ్ సిస్టమ్ స్టీమ్ఓఎస్‌లో అది నడవదు. అలాంటివాళ్లు విండోస్‌తో వచ్చే ఆసుస్ రోగ్ ఆలై వైపు చూడాలి. 2023లో అది ఇక్కడే అధికారికంగా 69,990 రూపాయలకు వచ్చింది.

నన్ను ఒక్కటే ఉంచుకోమంటే డెక్. ఇంట్లో పిల్లలుంటే మాత్రం స్విచ్. రెండు జాయ్‌కాన్లూ ఊడదీసి చెరొకటి పట్టుకుంటే చాలు, మారియో కార్ట్ మొదలు. "నీ దాంట్లో ఇద్దరం ఆడాలంటే ఇంగో రిమోట్ కొనాల గదా మామా" అని మా వాడు మొదటిరోజే తేల్చేశాడు. సెలవులొస్తే స్విచ్ వాడి సంచిలోనే ఉంటుంది. నేను రాత్రి పదకొండు దాటాక మిద్దె మీదికెక్కి, కాస్త గాలి తిరిగాక, డెక్‌ని మళ్లీ 15 వాట్లకు తిప్పుకుంటా.