పాత షెవీ ఆటోమేటిక్‌కి షిఫ్ట్ కిట్టా, మాడ్యులేటరా, రీబిల్డా: ఏది మేలు?

నా దగ్గరున్నది 1974 షెవర్లే నోవా. దాంట్లో ఉన్నది టర్బో 350 గేర్‌బాక్స్. 1969 నుంచి షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ (జీఎం) బండ్లలో వచ్చిన మూడు గేర్ల ఆటోమేటిక్ ఇది. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు సాగదీసి, ఆలోచించుకుని మరీ మారేది. ఇక్కడ డాలస్‌లో పాత కార్ల వాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఒకటే సలహా: షిఫ్ట్ కిట్ వేసెయ్. గేరు చురుగ్గా మారేలా చేసే విడిభాగాల పెట్టె అది.

అంత తొందర అక్కర్లేదు. ఆ సాగదీత కంపెనీవాళ్లు కావాలని పెట్టిందే. గేరు మారినట్టు లోపల కూర్చున్నవాళ్లకి తెలియకూడదని, గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌కి వెళ్లే ఆయిల్‌ని సెపరేటర్ ప్లేటు అనే రేకులోని సన్నటి రంధ్రాల గుండా పంపిస్తారు. అక్యుములేటర్ అనే స్ప్రింగు, పిస్టన్ జత ఆ ఒత్తిడిలో కొంత మింగేస్తుంది. క్లచ్ నెమ్మదిగా పట్టుకుంటుంది. కానీ పూర్తిగా పట్టుకునే లోపు జారుతుంది. జారినంతసేపూ అరుగుదల, వేడి.

కిట్ చేసేది దీనికి విరుగుడు. పెట్టెలో ఉండేవి కొన్ని స్ప్రింగులు, గాస్కెట్లు, ఒకటి రెండు డ్రిల్ బిట్లు, ఒక కాగితం. రంధ్రాలు పెద్దవి చేస్తాం, స్ప్రింగులు మారుస్తాం. క్లచ్ చటుక్కున పట్టుకుంటుంది. ట్రైలర్ లాగేవాళ్లకి, ఇంజిన్ బలం పెంచినవాళ్లకి ఇది నిజంగా మేలు. చాలా కిట్లలో రోడ్డుకి ఒక సైజు, రేసుకి ఇంకో సైజు రంధ్రాలు చెబుతారు. రోజూ తిరిగే బండికి చిన్న సైజే చాలు. రేసు సైజు పెడితే ప్రతి గేరుకీ మెడ ఊగుతుంది, దెబ్బ వెనక చక్రాలకి బలం అందించే షాఫ్టు కీళ్ల (యూ-జాయింట్ల) మీదా ఇంజిన్ మౌంట్ల మీదా పడుతుంది. ఒకసారి పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చేయలేం, కొత్త ప్లేటు కొనాల్సిందే.

మాడ్యులేటర్ సంగతి వేరు. ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని (వ్యాక్యూమ్) బట్టి గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడిని మార్చే చిన్న డబ్బా అది. ఇంజిన్ నుంచి దానికి ఒక గొట్టం వస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఎంత పడిందో ఈ గేర్‌బాక్స్‌కి తెలిసేది ముఖ్యంగా ఇంజిన్ వ్యాక్యూమ్ వల్లే. ఆ గొట్టం చిరిగితే భారం ఎక్కువనుకుని, ఆలస్యంగా, గట్టిగా మారుతుంది. మాడ్యులేటర్ లోపలి పొర చిరిగితే ఇంజిన్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని పీల్చేస్తుంది. కింద చుక్క కారదు, ఆయిల్ మాత్రం తగ్గుతుంది, వెనక తెల్లటి పొగ. గొట్టం పీకి చూస్తే లోపల ఎర్రటి తడి కనిపిస్తుంది. మార్చడానికి ఒక్క బోల్టు, అరగంట పని. స్క్రూ ఉన్న రకమైతే బిగించి ఒత్తిడి పెంచుకోవచ్చు. అయితే దాంతో గేరు గట్టిగా మారడమే కాదు, ఆలస్యంగా కూడా మారుతుంది. కిట్‌తో పట్టు పెంచుకున్నా, బండి ఏ స్పీడులో ఉండగా గేరు మారుతుందన్నది పెద్దగా కదలదు. నా దృష్టిలో రెండిటికీ అసలు తేడా ఇదే.

ఇక డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా, మాడు వాసన కొడుతుంటే, గేరు మధ్యలో ఇంజిన్ ఊరికే గీపెడుతుంటే, ఈ రెండూ దండగే. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. అలాంటి దానికి కిట్ వేయడం మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఎలాగూ విప్పుతారు కాబట్టి రీబిల్డ్ చేయించి, అంటే అరిగినవన్నీ మార్పించి, కిట్ కూడా అప్పుడే వేయించుకోవాలి.

ఇదంతా టర్బో 350 లెక్క. జీఎం వాళ్లదే నాలుగు గేర్ల ఆటోమేటిక్ 700ఆర్4 ఉన్నవాళ్లు కిట్ మాట ఎత్తేముందు, యాక్సిలరేటర్ ఎంత నొక్కామో గేర్‌బాక్స్‌కి చెప్పే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, అది తప్పితే క్లచ్‌లు త్వరగా కాలిపోతాయి. క్రైస్లర్ కంపెనీ ఆటోమేటిక్ 727కి మాత్రం నేను కిట్ వైపే మొగ్గుతాను. అందులో పార్క్‌లో ఉండగా, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే కన్వర్టర్‌కి ఆయిల్ వెళ్లదు, కొన్ని కిట్లు ఆ లోపాన్నీ సరిచేస్తాయి.

నా బండిలో ఆయిల్ ఎర్రగానే ఉంది. ముందు ఆయిల్, ఫిల్టర్, మాడ్యులేటర్ మార్చాను. సగం బాగైంది. నెల తర్వాత చిన్న రంధ్రాలతో కిట్ వేశాను. బండి కింద పడుకుని ప్లేటు దించుతుంటే ఆయిల్ దారుల్లో వాల్వుల్లా పనిచేసే ఉక్కు గోళీలు నాలుగూ జారాయి. మూడు చేతికి దొరికాయి, నాలుగోది ఆయిల్ ట్రేలో వెతకడానికి గంట పట్టింది. ఎక్కించేటప్పుడు వాజలీన్ రాసి అంటించాను. అవి ఎక్కడెక్కడ ఉండేవో ముందే ఫోటో తీసుకోండి.

ఇప్పుడు రెండో గేరు పడితే వెనక నుంచి ఎవరో భుజం తట్టినట్టుంటుంది. మా ఆవిడకి అదీ ఎక్కువే. పెద్ద డ్రిల్ బిట్ డబ్బాలోనే ఉంది.