పంతొమ్మిదేళ్లుగా వాయిస్తున్న బేస్ గిటార్, దాన్ని నాకు ఇచ్చిన సికింద్రాబాద్ దుకాణం

2006 జూన్‌లో సికింద్రాబాద్ క్లాక్ టవర్ వెనక సందులో, ఇద్దరు పక్కపక్కన నిలబడితే మూడోవాడికి చోటుండని ఒక దుకాణంలో నేను పాటలో లోతైన కింది స్వరాలు పలికే బేస్ గిటార్ కొన్నాను, యమహా ఆర్‌బీఎక్స్ వరుసలోని నాలుగు తీగలది. ఆ గిటార్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దుకాణం మాత్రం లేదు. ఇన్నేళ్ల వాడకం తరువాత వాయిద్యం గురించి రాద్దామని కూర్చుంటే, దుకాణాన్ని పక్కన పెట్టి రాయడం నాకు సాధ్యం కాలేదు.

ఆ రోజుల్లో నగరంలోని వాయిద్యాల దుకాణాల్లో బేస్ అడిగితే, కీబోర్డుల వెనక నుంచి దుమ్ము తుడిచి ఒకటి తీసి ఇచ్చేవారు. ఇక్కడ మాత్రం ఒక గోడ మొత్తం బేస్‌లే. యజమాని ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించినవాడు కావడమే దానికి కారణం. మెట్టుగూడ, లాలాగూడ చర్చిల కుర్రాళ్లూ, ఆర్కెస్ట్రా పార్టీలవాళ్లూ ఆయన ఖాతాదారులు. అందరూ ఆయనను అంకుల్ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

నేను అయిదు తీగలది కావాలని అడిగాను. "ముందు నాలుగింటిని మాట్లాడించు బిడ్డా, అయిదోది ఎక్కడికీ పోదు" అంటూ ఆయన ఒకే మోడల్‌వి మూడు గిటార్లు దించి బల్ల మీద పెట్టారు. ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే పెట్టెకు, కలపలేదు. గిటార్ పైకొమ్ముకు నా దవడ ఆనించమని చెప్పి, తీగను ఒక్కసారి మీటారు. గదిలో దాదాపు ఏమీ వినిపించలేదు గానీ, దవడ ఎముకలోంచి తలలోకి ఒక మోత నడిచి వచ్చింది. తరువాత అన్నిటికన్నా సన్నని జి తీగ మీద అయిదో ఫ్రెట్ (గిటార్ పొడవాటి మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి ఏడో ఫ్రెట్ వరకు ఒక్కొక్క స్వరమే మీటుతూ, అది ఎంతసేపు నిలుస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టారు. చాలా బేస్‌లకు ఆ ప్రాంతంలో ఒక మూగచోటు ఉంటుందనీ, అక్కడ మెడలోని చెక్క తీగ కదలికను తానే మింగేయడంతో స్వరం తొందరగా చచ్చిపోతుందనీ, ఒకే కంపెనీ గిటార్లలో కూడా అది ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువగా ఉంటుందనీ నాకు అప్పుడే తెలిసింది. మూడింటిలో నడిమిది నా చేతికి ఇచ్చారు. ధరలో రూపాయి కూడా తగ్గించలేదు, అదీ చెప్పాలి.

వాయిద్యం గురించి ఆయన చెప్పే విషయాల్లో కొంత చరిత్ర కూడా ఉండేది. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌కు ఫ్రెట్లు ఉండవు కాబట్టి స్వరస్థానాన్ని చెవితోనే పట్టుకోవాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ఫ్రెట్లు ఉన్న విద్యుత్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చి, వేలు ఫ్రెట్ల మధ్య ఎక్కడ నొక్కినా స్వరం తప్పదన్న అర్థంలో దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. దాని తీగ పొడవు 34 అంగుళాలు. నా గిటార్‌దీ అంతే, ఈనాటి బేస్‌లలో ఎక్కువ వాటిదీ అంతే.

ఆ దుకాణం విలువ నిజంగా తెలిసింది మొదటి ఏడాది గడిచాకే. నాలుగు తీగలూ కలిసి మెడను దాదాపు 80 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి, ఆ లాగుడును మెడ లోపల ఉన్న ఇనుప కడ్డీ ఎదురు నిలిచి కాస్తుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు చెక్క ఎండిపోయి మెడ వెనక్కి వాలగానే తీగలు ఫ్రెట్లకు తగిలి జర్రుమంటాయి. జూలై వానలకు అదే చెక్క తేమ పీల్చుకుని ముందుకు వంగితే తీగలు పైకి లేచి వేళ్లు నొప్పి పుడతాయి. ఏడాదికి రెండుసార్లు నేను గిటార్ మోసుకు వెళ్లేవాణ్ణి. ఆయన తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర ఒక విజిటింగ్ కార్డు దూర్చి చూసేవారు. కార్డు తీగను కదపకుండా, వదులుగానూ లేకుండా జారితే సరి. లేకపోతే కడ్డీని పావు చుట్టు తిప్పి, చెక్క సర్దుకోవాలంటూ గిటార్‌ను రాత్రంతా దుకాణంలోనే ఉంచుకునేవారు. ఆ పనికి డబ్బు తీసుకున్నది ఎప్పుడో ఒకసారి, అదీ నేను బలవంతపెడితే.

తీగల విషయంలో మాత్రం ఆయన లెక్కే వేరు. దిగుమతి తీగల సెట్టు నా విద్యార్థి జేబుకు బరువు. అందుకని మట్టి పట్టి మొద్దుబారిన తీగలను విప్పి చుట్టచుట్టి, దుకాణం వెనక పంపు స్టవ్ మీద అల్యూమినియం గిన్నెలో పది నిమిషాలు ఉడకబెట్టేవారు. నీళ్లు టీ రంగుకు తిరిగేవి. తుడిచి, ఆరబెట్టి మళ్లీ బిగిస్తే రెండు మూడు వారాలు కొత్త తీగల్లాగే గణగణలాడేవి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని ఆయన పదే పదే చెప్పేవారు. అయితే జేమర్సన్‌వి చదునుగా చుట్టిన తీగలనీ, మావి గుండ్రటి చుట్టు తీగలు కాబట్టి వేళ్ల జిడ్డంతా వాటి సందుల్లో చేరుతుందనీ కూడా ఆయనే చెప్పేవారు.

దుకాణంలో ఎప్పుడూ ఇళయరాజా క్యాసెట్ తిరుగుతూ ఉండేది. టేప్‌రికార్డర్ చిన్నది, అన్నిటికన్నా లావైన ఇ తీగ అడుగు స్వరం సెకనుకు 41 కంపనాలే కాబట్టి ఆ స్పీకరులోంచి అది బయటికి రాదు. అయినా ఆయన కళ్లు మూసుకుని, ఆ పాటల్లో శశిధరన్ వాయించిన, మాకు వినపడని బేస్‌ను నోటితో పూరించేవారు. పాటను పల్లవితో కాకుండా బేస్‌తో గుర్తుపట్టే అలవాటు నాకు అక్కడే అబ్బింది. రహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన చోట్లు నాకు పరిచయం చేసిందీ ఆయనే.

ఫిర్యాదులు లేవని కాదు. రేపు ఇస్తానన్న పని నాలుగు రోజులకు గానీ అయ్యేది కాదు. ఆదివారం తెరవరు, అయితే చర్చిలో వాయించే నాకు గిటార్‌కు కేబుల్ గుచ్చే జాక్ వదులైన సంగతి తెలిసేది ఆదివారమే. ఒకసారి ఆయన మాట వినకుండా వేరే చోట చవకగా వస్తోందని గిటార్ ఆంప్ కొని దానికి బేస్ కలిపాను. క్రిస్మస్ ముందు రిహార్సల్లో దాని స్పీకరు కాగితం చిరిగిపోయింది. ఆయన చూసి, తిట్టలేదు గానీ, వారం రోజులు వచ్చినవాళ్లందరికీ ఆ చిరిగిన స్పీకరు చూపించారు. నాకు తిట్టినా బాగుండేదనిపించింది.

ఇక గిటార్ సంగతి. మొదటి నాలుగు ఫ్రెట్లు తీగల కింద గాడి పడ్డాయి, ఒకసారి అరగదీయించాను, ఇంకోసారికి చాలినంత లోహం మిగల్లేదు. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది. బ్యాటరీ అవసరం లేనిది కావడం వల్ల మధ్యలో ఎప్పుడూ మూగబోలేదు. మెడ మాత్రం ఇన్ని ఎండాకాలాలు చూసినా మెలి తిరగలేదు. ఇదే వరుసలోది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కొనవచ్చు. కాకపోతే ఫోటో చూసి డబ్బు పంపవద్దు, వెళ్లి దవడ ఆనించి, జి తీగ మీద అయిదు నుంచి ఏడు ఫ్రెట్లు మీటి వినండి.

2019లో మోకాళ్ల నొప్పులతో ఆయన దుకాణం మూసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. చివరిసారి వెళ్లినప్పుడు గోడ ఖాళీగా ఉంది, మేకులు మాత్రం ఉన్నాయి. నా గిటార్ సంచి జేబులో కడ్డీ తిప్పే ఒక అలెన్ కీ, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన ఒక విజిటింగ్ కార్డు వేసి జిప్పు పెట్టారు. కార్డు అంచులు ఇప్పుడు అరిగాయి, దుకాణం పేరులో సగం అక్షరాలు చెరిగాయి. మందం సరిగ్గానే ఉంది కాబట్టి మొన్న ఏప్రిల్‌లో కూడా దాన్నే వాడాను.