బాల్టిమోర్ రంగుల కుర్చీలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ డబ్బు దండగ

మేరీల్యాండ్‌లో ఒక పాత ఇంటి మ్యూజియంలో మనిషికి 15 డాలర్లు పుచ్చుకుని, కర్టెన్లు వేసిన గదిలో తాడు కట్టి, ఆరడుగుల దూరం నుంచే కుర్చీలు చూపించారు. రంగు వేసిన ఫర్నిచర్‌ని అలా చూడటం దండగ. కాళ్ల నొప్పులతో నిలబడ్డ అత్తయ్య విసుక్కున్నారంటే విసుక్కోరా మరి!

అదే బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశం ఉచితం. సోమ, మంగళవారాలు సెలవు. జాన్, హ్యూ ఫిన్లే అన్నదమ్ముల దుకాణంలో 1805 ప్రాంతంలో తయారైన సెట్టు ఇక్కడిదే: పది కుర్చీలు, రెండు సెట్టీలు (వీపున్న పొడవాటి బెంచీలు), ఒక గోడబల్ల. నల్లటి రంగు మీద బంగారు గీతలు, వీపు పట్టీల మీద ఆనాటి బాల్టిమోర్ భవనాల బొమ్మలు. అత్తయ్యకి నిర్మల్ పనితనం గుర్తొచ్చింది, నొప్పులు మరిచిపోయారు. ఈ అన్నదమ్ములే 1809లో ఆర్కిటెక్ట్ లాట్రోబ్ గీసిన నమూనాలతో వైట్‌హౌస్‌కి 36 కుర్చీలు చేశారు. 1814లో బ్రిటిష్ సేన పెట్టిన మంటల్లో అవి కాలిపోయాయి.

ఇలాంటి కుర్చీ దగ్గరికి వెళ్తే ముందు బంగారు రంగు చూడండి. అసలు బంగారు రేకు ఇప్పటికీ మెరుస్తుంది. కంచు పొడి అయితే గోధుమరంగుకి తిరుగుతుంది. వార్నిష్ ఇంకా కాస్త జిగటగా ఉండగానే స్టెన్సిల్ (బొమ్మ కత్తిరించిన అచ్చు) పెట్టి, వేలికి వెల్వెట్ చుట్టి ఆ పొడిని అద్దుతారు. అందుకే అలా అద్దిన ఆకు బొమ్మ అంచున మెరుపు చిక్కగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. తర్వాత అతుకులు చూడండి. వాతావరణాన్ని బట్టి చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పైన రంగుకి ఆ సాగుడు లేదు, కాబట్టి పెచ్చులు ముందు అక్కడే లేస్తాయి. వార్నిష్ పసుపెక్కితే నీలం ఆకుపచ్చగా, తెలుపు మీగడరంగుగా కనిపిస్తాయి. పైన కొత్త రంగు పూసిన కుర్చీకి విలువ పోయినట్టే.

ఆ మ్యూజియం నుంచి టౌసన్‌లో ఉన్న హాంప్టన్ అనే పాత ఎస్టేట్ ఇంటికి కారులో అరగంట లోపే. నేషనల్ పార్క్ సర్వీస్‌ది, రుసుము లేదు. 695 హైవే మీద 27బి ఎగ్జిట్ తీసుకోవాలి. ఇంటి యజమానులైన రిడ్జ్‌లీ కుటుంబం 1832లో ఫిన్లే దగ్గర కొన్న హంసల సోఫా ఈ ఇంటిదే. టూర్ వేళలు ముందుగా చూసుకుని వెళ్లండి. తాడు ఇక్కడా ఉంది గానీ, ఈ ఫర్నిచర్ ఒక గదిలో ఎలా అమిరేదో తెలియాలంటే హాంప్టన్‌కే వెళ్లాలి. ఇక్కడ వందలమంది బానిసలు పనిచేశారు. వాళ్ల ఇళ్లు, పొలం వైపు చూడకుండా రావద్దు.

బస మాత్రం హార్బర్ దగ్గర వద్దు. 189 డాలర్ల గదికి పార్కింగ్ మరో 45 డాలర్లని చెక్ ఇన్ దగ్గర గానీ చెప్పలేదు. టౌసన్‌లో దిగండి.