మొసళ్ల ఒడ్డు: మూసేయాలా, తాడు కట్టాలా, గైడ్‌తో చూపించాలా? ఏది మేలు?

చలి మొదలైందంటే లక్నవరం, పాకాల, మంథని వైపు బోట్లూ హోంస్టేలూ నడిపేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. మంథని దగ్గరి శివ్వారంలో గోదావరి బండల మీద పొద్దునపూట మొసళ్లు ఎండకు పడుకుంటాయి. చూడడానికి వస్తామని జనం ఫోన్లు చేస్తున్నారు. ఒడ్డును మొత్తానికే మూసేయడం మేలా, తాడు కట్టి బోర్డు పెట్టడం మేలా, గైడ్‌ను పెట్టి చూపించడం మేలా?

ఈ పనిలో మన దగ్గర అనుభవం కొద్దిగానే ఉంది. సీల్స్ అనే నీటి జంతువులు ఒడ్డెక్కే తీరాల్లో మాత్రం హోటళ్లవాళ్లు, బోట్లవాళ్లు దశాబ్దాలుగా ఇదే తగువు పడుతున్నారు. హవాయి, కాలిఫోర్నియా, గ్రీసు, ఫిన్లాండ్‌లలో ఈ మూడు పద్ధతులూ నడిచాయి. ఏది నిలిచిందో, ఏది ఎందుకు దెబ్బతిన్నదో అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

సీల్ ఎక్కడ, మొసలి ఎక్కడ అనుకోవద్దు. రెండూ ఒడ్డెక్కేది తప్పనిసరి పని మీదే. హవాయి మాంక్ సీల్ తల్లి పిల్లను ఈనాక ఐదు నుంచి ఏడు వారాలు తిండి మానేసి పాలిస్తుంది. పాత చర్మం, బొచ్చు ఊడే రోజుల్లోనూ ఇసుక మీదే పడి ఉంటుంది. మొసలి ఒంటికి సొంత వేడి లేదు. రాత్రి చల్లబడ్డ ఒళ్లు ఎండకు కాగితేనే తిన్న చేప అరుగుతుంది. బోటు చప్పుడుకు నీళ్లలోకి జారిన మొసలి కూడబెట్టుకున్న వేడంతా పోగొట్టుకుంటుంది. ‘మళ్లీ ఎక్కుతుందిలే’ అంటారు గానీ, పొద్దునే మూడుసార్లు అలా జారితే ఆ రోజు ఎండ దానికి దక్కనట్టే. రోజూ ఇదే జరిగితే ఆ బండనే వదిలేయొచ్చు.

మధ్యధరా మాంక్ సీల్‌కు జరిగింది ఇదే. ఒకప్పుడు అది బహిరంగంగా ఇసుక తీరాల మీద పడుకునేది. మనుషుల తాకిడికి చాలాచోట్ల సముద్రపు గుహల్లోకి చేరింది. ఇప్పుడు గ్రీసులో ఆకురాలే కాలంలో ఆ గుహల్లోనే ఈనుతుంది. తుఫాను అల లోపలికి కొడితే ఈదలేని పిల్లలు కొట్టుకుపోతాయి. వేటాడి చంపినవాళ్లూ ఉన్నారు, ఊరికే దగ్గరికి వెళ్లి కదిలించినవాళ్లూ ఉన్నారు.

అందుకే నా మట్టుకు తేల్చాల్సిన విషయం ఒక్కటే: మీరు టికెట్ దేనికి అమ్ముతున్నారు? ‘దగ్గరగా చూపిస్తాం’ అని అమ్మితే, తాడున్నా బోర్డున్నా మీ బోటు రోజురోజుకూ ముందుకే జరుగుతుంది. లెక్క చూడండి. మనిషికి 150 రూపాయలు, బోటుకు పది మంది, రోజుకు ఎనిమిది ట్రిప్పులు అనుకుందాం. 12,000 వస్తాయి. మొదటి రెండు ట్రిప్పులకు బండల మీద మొసళ్లుంటాయి. మూడో ట్రిప్పుకు సగం జారిపోతాయి. ఆరో ట్రిప్పులో ఎక్కినవాళ్లూ అంతే డబ్బు ఇచ్చారు కాబట్టి, డ్రైవర్ మిగిలిన ఒక్కదాని మీదికి బోటు పోనిస్తాడు. అతను చెడ్డవాడని కాదు, టికెట్ అతనితో ఆ పని చేయిస్తుంది. అదే 12 మంది గుంపులు రోజుకు రెండు, మనిషికి 400 చొప్పున సమయానికి, గైడ్‌కు టికెట్ పెడితే 9,600 వస్తాయి. డీజిల్ ఖర్చు దాదాపు ఉండదు. మొసలి కదిలిందంటే మీ రెండో గుంపు టికెట్ పోయినట్టే. కాబట్టి దాన్ని కదలనివ్వకుండా చూసుకునేది మీరే అవుతారు.

ఇక ఒక్కో పద్ధతి సంగతి.

మూసేయడం. జంతువుకు ఇంతకన్నా భద్రత లేదు. గ్రీసులో 1992లో ఏర్పడ్డ అలోనిసోస్ సముద్ర పార్కులో పిపేరి దీవి చుట్టూ మూడు నాటికల్ మైళ్లు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల లోపలికి ఏ పర్యాటక బోటూ పోరాదు. అయినా అలోనిసోస్ నుంచి వేసవిలో బోట్లు నడుస్తూనే ఉంటాయి. వాళ్లు అమ్మేది సముద్రాన్ని, దీవుల్ని, కీరా పనగియా దీవి మీది పాత మఠాన్ని. సీల్ కనబడితే అది అదృష్టం. మూసేసినా వ్యాపారం నిలవాలంటే అమ్ముకోవడానికి ఇంకోటి ఉండాలన్నమాట. లక్నవరంలో వేలాడే వంతెనలున్నాయి, దీవులున్నాయి. అక్కడ జంతువులు, పక్షులు వాడే ఒక మూలను మూసేస్తే టికెట్ ఒక్కటి కూడా తగ్గదు, మూసేయండి. పాకాలలోనూ అంతే. శివ్వారం సంగతి వేరు. అక్కడికి వచ్చే మనిషి మొసలి కోసమే వస్తాడు.

మూసేయడంలో ఇంకో చిక్కుంది. పర్యాటకులను ఆపినంత మాత్రాన వలలు ఆగవు. ఫిన్లాండ్‌లోని సైమా సరస్సులో మంచినీటి సీల్ ఉంది, ఆ రకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1980ల్లో 200కు లోపే ఉన్న అవి ఇప్పుడు 400 దాటాయి. వాటి పిల్లల్ని ఎక్కువగా చంపింది బోట్లు కాదు, చేపల వలలు. అందుకే అక్కడ పిల్లలు ఈత నేర్చే కాలంలో, ఏప్రిల్ 15 నుంచి వలల మీద నిషేధం పెట్టారు. మన గోదావరిలోనూ నైలాన్ వలలో చిక్కిన మొసలి పిల్ల ఊపిరాడక చస్తుంది. పొద్దునే ఒడ్డున ఒక గైడ్, ఒక కాపలా మనిషి ఉంటే ఆ వల కంటబడుతుంది. గేటుకు తాళం వేసుకుని వెళ్తే చూసే దిక్కుండదు.

తాడు, బోర్డు. ఖర్చు తక్కువ కాబట్టి అందరి మనసూ ముందు దీని మీదికే పోతుంది. హవాయిలో సీల్ ఒడ్డెక్కగానే వలంటీర్లు వచ్చి చుట్టూ గుంజలు పాతి తాడు కడతారు. మామూలు సీల్‌కు 50 అడుగులు, పిల్లతో ఉన్న తల్లికి 150 అడుగుల దూరం పాటించమంటారు. అక్కడ పనిచేస్తున్నది తాడు కాదు, దాని పక్కన పొద్దంతా నిలబడే మనిషి. తాడు ఒక్కటే చాలదని కాలిఫోర్నియాలోని లా హోయాలో తేలింది. చిల్డ్రన్స్ పూల్ అనే చిన్న తీరంలో సీల్స్‌కూ జనానికీ మధ్య తాడు కట్టారు. తాడు దాటడం, తగాదాలు, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి 2014 నుంచి ఏటా డిసెంబర్ 15 మొదలు మే 15 దాకా, ఈనే కాలమంతా, ఆ తీరాన్ని మూసేస్తున్నారు.

తాడుకు ఇంకో లోపం: అది నేల మీదే పనిచేస్తుంది. హవాయిలో వైకీకీ పక్కన కైమానా బీచ్‌లో 2022 జులైలో పిల్లతో ఉన్న తల్లి సీల్ నీళ్లలో ఈదుతున్న ఒక మహిళను గాయపరిచింది. ఇసుక మీద గీసిన హద్దు నీళ్లలో ఉండదు కదా. మన దగ్గర కూడా గట్టు మీద తాడు కడితే తెప్పలు, పుట్టీలు నీటి వైపు నుంచి వస్తాయి. పైగా బ్యారేజీల వల్ల నీటిమట్టం మారినప్పుడల్లా ఇసుకలో పాతిన గుంజలు కొట్టుకుపోతాయి. తెగిన ప్లాస్టిక్ తాడు నీళ్లలో తేలుతూ తనే వల అవుతుంది. తాడు కట్టక తప్పకపోతే కొబ్బరి పీచు తాడే వాడండి, సాయంత్రానికి చుట్టి తీసుకుపొండి.

గైడ్‌తో చూపించడం. నా మొగ్గు ఇటే. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఆన్యో న్యువో పార్కులో ఏనుగు సీల్స్ ఈనే కాలంలో, డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా, గైడ్ లేకుండా ఎవరినీ ఆ తీరానికి పంపరు. ముందే బుక్ చేసుకోవాలి. సుమారు మూడు మైళ్ల నడక, రెండున్నర గంటలు. జనం డబ్బిచ్చేది ఆ నడకకు, గైడ్ చెప్పే మాటకు. వేటతో 19వ శతాబ్దం చివరికి వంద లోపుకు పడిపోయిందనుకున్న జాతి అది, ఇప్పుడు లక్ష దాటింది. మనవాళ్ల పిల్లలు చాలామంది అటువైపే ఉన్నారు కాబట్టి, వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఒకసారి ఆ ఏర్పాటు చూసి రండి. ఇంకాస్త దక్షిణాన పీడ్రాస్ బ్లాంకాస్‌లో టికెట్టే లేదు, చెక్క బాట మీద నుంచి చూడడమే. అక్కడా వలంటీర్లు నిలబడి చెబుతుంటారు.

శివ్వారం లాంటి చోట ఇది ఎలా పెట్టాలంటే: అది అభయారణ్యం, గుంజ పాతాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ముందు ఆ పని. తర్వాత బండలకు ఎదురు ఒడ్డున, పొద్దున సూర్యుడు మీ వెనకుండే చోటు చూడండి. ఎండ కళ్లలో పడితే జనం చోటు మారతారు, చోటు మారితే ముందుకు నడుస్తారు. దూరం కొలవడానికి హవాయి చిట్కా ఒకటుంది. చెయ్యి చాచి బొటనవేలు అడ్డంగా పెడితే సీల్ మొత్తం దాని వెనక దాగాలి. మొసలికి వేలిని నిలువుగా పెట్టండి. వేలి వెడల్పు రెండు సెంటీమీటర్లు, చాచిన చెయ్యి 65 సెంటీమీటర్లు అనుకుంటే, మూడు మీటర్ల మొసలి ఆ వెడల్పులో దాగాలంటే మీరు దాదాపు 100 మీటర్ల దూరంలో ఉండాలి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్‌తో అది పన్నెండు మీటర్లలో ఉన్నట్టు కనబడుతుంది. 12 మందికి ఆరు బైనాక్యులర్లు, స్టాండ్ మీద ఒక స్పాటింగ్ స్కోప్ (దూరానివి చూసే ఒంటి గొట్టం దుర్భిణి) చాలు.

మనుషులు కనబడకుండా మనిషి ఎత్తును మించిన తాటాకు తడక కట్టండి. పెద్దలకు నాలుగున్నర అడుగుల దగ్గర, పిల్లలకు మూడడుగుల దగ్గర కిటికీలు కోయాలి. పిల్లలకు కిటికీ లేకపోతే తండ్రి భుజాల మీద ఎక్కించుకుంటాడు, తడక కట్టిన ఫలితం పోతుంది. సమయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర, గంటకో గుంపు. గైడ్‌తో పాటు ఆ ఊళ్లో చేపలు పట్టే మనిషి ఒకరిని కాపలాకు పెట్టుకోండి. నీటి గుర్తులు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

గైడ్‌కు ముందు నేర్పాల్సింది మొసలి ఒంటి భాష. నోరు తెరుచుకుని పడుకుంటే కోపం కాదు, ఒంటి వేడిని సర్దుకుంటోంది. తల పైకెత్తి కదలకుండా ఉందంటే మిమ్మల్ని పసిగట్టింది, మాటలు ఆపాలి. ముట్టెను నీటి వైపు తిప్పిందంటే మీరప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారు, గుంపును వెనక్కి తేవాలి. సీల్స్ దగ్గరా వరస ఇదే: తల ఎత్తడం, చూడడం, నీటి వైపు జరగడం.

ఇసుక దిబ్బల సంగతి వేరుగా చూడాలి. మొసలి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. రెండు నెలలు అటూఇటూగా పిల్లలవుతాయి. కాబట్టి ఫిబ్రవరి నడుమ నుంచి జూన్ చివరిదాకా దిబ్బల వైపు గైడ్ కూడా పోకూడదు. అంటే గైడ్ పద్ధతిలోనూ నాలుగున్నర నెలల మూసివేత ఉండాల్సిందే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో సరీసృపాల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా ‘వేట’ కిందికే వస్తుంది. మొసలి మొదటి షెడ్యూల్‌లో ఉంది. ‘చూడడానికే వెళ్లాం’ అంటే కేసు ఆగదు.

దావత్‌ల గురించి గట్టిగా చెప్పాలి. ఒడ్డున కోళ్లు కోసి వండుకుని బొక్కలు, పేగులు నీళ్లలో పారేస్తే మొసలి ఆ రేవును గుర్తుపెట్టుకుంటుంది. రేపు అదే రేవులో ఎవరో బర్రెను కడుగుతారు, బట్టలు ఉతుకుతారు. పర్యాటకుల సరదా కోసం మాంసం ముక్క విసిరే బోటు యజమాని ఆ ఊరివాళ్ల ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే. అమెరికాలోనూ సీల్స్‌కు తిండి వేయడం నేరం. ఆ చట్టమూ 1972 నాటిదే. బుకింగ్ తీసుకునేటప్పుడే చెప్పండి: వంట రేవుకు దూరంగా, చెత్త మీ బండిలోనే వెనక్కి.

మిగతావి క్లుప్తంగా. కెమెరా పెట్టి తెర మీద చూపించడం మంచిదే. సైమా సీల్‌ను 2016లో అలా ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టారు, లక్షల మంది చూశారు. కానీ దానితో హోంస్టేలో గది నిండదు. డ్రోన్ వద్దు. పట్టి తెచ్చి కుంటలో వేసి చూపించడం చట్టం ఒప్పదు. బెజ్జూరు అడవిలో పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద రాబందులుంటే వాటికీ ఈ తడక, స్కోప్ పద్ధతే సరిపోతుంది, దూరం మాత్రం ఇంకా పెంచాలి.

చివరగా ఒక నోటుబుక్కు. గుంపు వచ్చేటప్పుడు బండల మీద ఎన్ని మొసళ్లున్నాయి, వెళ్లేటప్పుడు ఎన్ని మిగిలాయి, ఏ గంటకు, నీటిమట్టం ఎంత. వరుసగా మూడు రోజులు వెళ్లేటప్పటి లెక్క తగ్గితే తడకను ఇరవై మీటర్లు వెనక్కి జరపండి. జరిపినా తగ్గితే వారం ఆపండి. బోటుకు అడ్వాన్స్ ఇవ్వాలనుకునేవాళ్లు ఒక్క చలికాలం ఈ పుస్తకం రాసి, ఆ లెక్క ముందు పెట్టుకుని ఆలోచించండి.