నడుము సంచీనా, గోడ బోర్డా?
ఇంటి పనిలో స్క్రూడ్రైవర్ మాయమయ్యేది ఎక్కువగా నిచ్చెన పైమెట్టు మీదో, కిటికీ గూట్లోనో. చేయి ఖాళీ చేసుకోవడానికి పెడతాం, పెట్టినట్టు గుర్తుండదు. నడుముకు కట్టుకునే పనిముట్ల సంచి ఆపేది సరిగ్గా ఆ క్షణాన్నే. టేపు, పెన్సిల్, టెస్టర్, కటింగ్ ప్లయర్, రెండు స్క్రూడ్రైవర్లు చాలు. అంతకు మించితే బరువుకు జారుతుంది, విప్పి పక్కన పెడతాం, ఆపైన సంచే కనబడదు. ఒక్కోదానికి ఒక్కో జేబు, ఎప్పుడూ అదే.

పనిముట్లు తగిలించే గోడ బోర్డు పని మధ్యలో సాయపడదు, సర్దేటప్పుడు పనికొస్తుంది. పనిముట్టు చుట్టూ మార్కర్‌తో గీసిన ఆకారం ఖాళీగా ఉంటే, ఏది తిరిగి రాలేదో చూడగానే తెలుస్తుంది. సుత్తి, రంపం, డ్రిల్లుకు ఇదే మేలు. ఫాల్స్ సీలింగ్ మూసేముందు, అల్మరా వెనక పలక బిగించేముందు తప్పకుండా బోర్డు చూడండి. మూశాక గుర్తొస్తే మళ్లీ విప్పాల్సిందే.

స్క్రూలకు ఈ రెండూ కుదరవు. అయస్కాంతపు గిన్నె వాడాలి. ఇత్తడివి మాత్రం దానికి అంటుకోవు.